శ్రీశైలమ్మ చేతుల తిమ్మిరి

శ్రీశైలమ్మకు ఖాళీ చేతులతో నడవడం చేతకాదు. ఎక్కడికి పోయినా ఏదో ఒక బరువు ఉండాల్సిందే. బిందె కావచ్చు, గొర్రెపిల్ల కావచ్చు, గడ్డిమోపు కావచ్చు. ఏదీ దొరక్కపోతే దారిలో ఒక రాయి ఎత్తుకునేది. ఎవరైనా అడిగితే, "ఖాళీగా ఉంటే చేతులు తిమ్మిరెక్కుతాయమ్మా" అనేది. అట్లా ఆమె రేషన్ షాపు దాకా మోసుకుపోయి వదిలేసిన రాళ్లన్నీ కుప్పపడితే, డీలరు వాటి మీద సిమెంటు పోయించి అరుగు కట్టించుకున్నాడు.

మార్కాపురానికి బస్సులో పోతే మిగతావాళ్లు తమ సంచీలను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. ఒకసారి ఎవరిదో బియ్యం మూట నెత్తిన పెట్టుకుని ఆమె తర్లుపాడులో దిగిపోతే, ఆ మూట తాలూకు మనిషి కిటికీలోంచి కేకలేసి బస్సు ఆపించాడు. "నీదా నాయనా? అడ్డంగా ఉంటే ఎత్తినా" అని ఆమె మళ్లీ బస్సెక్కి, మూటను అతని పక్కనే భద్రంగా దించి వచ్చింది.

బ్యాంకుకు గొర్రెపిల్లను చంకనేసుకుని పోయినరోజు గార్డు అడ్డం నిలబడ్డాడు.

"ఏందమ్మా, దాన్ని లోపలికి తెస్తన్నావు?"

"దించితే చేతులు లాగుతాయి నాయనా."

"నా కొలువు పోతాదమ్మా."

చివరికి గార్డు గొర్రెపిల్లను తాను పట్టుకుని, తన మంచినీళ్ల క్యాను ఆమె చేతికిచ్చి లైన్లో నిలబెట్టాడు. వేలిముద్ర వేసేటప్పుడు కూడా క్యాను ఆమె చంకలోనే ఉంది.

ఈ తిమ్మిరి పుట్టి మూడేళ్లయింది. శివయ్యకు మొక్కుకుందని కొందరు, నరాల్లో వాతమని కొందరు అన్నారు. పక్కింటి అంకాలమ్మ మాత్రం, "కొత్తకోడలు వచ్చింది గదా, తన బలం చూపించుకుంటాంది" అని తేల్చింది.

ఆ కొత్తకోడలు అంజలి. పుట్టిల్లు దర్శి. బడిలో చదివేటప్పుడు జిల్లా జట్టులో ఖోఖో ఆడిన పిల్ల. అటువంటి పిల్లకు అత్తగారింట్లో చెంబెడు నీళ్లు మోసే భాగ్యం కూడా లేకపోయింది. బిందె మీద చెయ్యి వేస్తే చాలు, ఎక్కడున్నా అత్త గద్దలా వచ్చి తన్నుకుపోయేది. "మీ అత్త ఉండంగా నీకు చేతులు దేనికే? ఎవరికన్నా ఇచ్చెయ్" అని అంకాలమ్మ ఎగతాళి చేసేది. అంజలి నవ్వి ఊరుకునేది గాని, లోపల గుచ్చుకునేది. తన చేతికిస్తే పడేస్తానని అత్తకు అనుమానమేమో అనుకునేది.

అంతలో కంభంలో ఒక ప్రైవేటు బడికి ఆటల టీచరు కావాలని తెలిసింది. అంజలి పోయి అడిగితే, బడి పెద్దాయన ఆమె పాత సర్టిఫికెట్లన్నీ తిరగేసి చూసి అన్నాడు, "ఆట మానేసి చాలా రోజులైంది గదమ్మా. ఒంట్లో ఆ చురుకు ఇంకా ఉందో లేదో మాకెట్ల తెలుస్తాది? వచ్చే నెల మార్కాపురంలో ఆడోళ్లకు అడ్డంకుల పరుగు పెడతన్నారు. అది పూర్తి చేసి కాగితం తీసుకురా. ఉద్యోగం నీదే."

పరుగు అంటే అంజలికి భయం లేదు. భయమంతా దాని షరతుతోనే వచ్చింది. అది అత్తాకోడళ్ల పరుగు. గోడ, తాడు, టైర్లు, బురదలో వల కింద పాకడం, ఇట్లా పది అడ్డంకులు. నలభై నిమిషాల్లో ఇద్దరూ కలిసి గీత దాటాలి. ఒక్కరే దాటితే కాగితం ఇవ్వరు.

అంజలి రెండు రోజులు నీళ్లు నమిలి, మూడోరోజు అడిగింది.

"అత్తమ్మా, నాతో పరుగుకు వస్తావా?"

"దాంట్లో ఏమన్నా మోసేదుందా?"

"ఇసక మూటలు ఉంటాయంట."

"అయితే వస్తా."

మర్నాటి నుంచి ప్రాక్టీసు మొదలైంది. అంజలి మొగుడు నరేష్ పాత ట్రాక్టరు టైరు ఒకటి దొర్లించుకుని వచ్చాడు. రెండోరోజు పొద్దునకు దాన్ని అతనే అడ్డంగా కోసి నీళ్ల తొట్టి చేశాడు.

"నాకని గదా తెచ్చింది?" అంది అంజలి.

"నీకే. గొర్రెలు అడిగితే కాదనలేకపోయినా."

వేపచెట్టుకు కట్టిన తాడు బర్రె మెడకు పోయింది. వల లేదు గనక నాలుగు నులకమంచాలు వరసగా వేసి వాటి కింద పాకారు. మూడో మంచం కింద కుక్క ఈనింది. అక్కడి నుంచి పదిరోజులు రెండు మంచాల దాకే ప్రాక్టీసు.

గోడ సంగతి చెప్పనే అక్కర్లేదు. గొర్రెల దొడ్డికి పలకరాళ్ల ముక్కలు పేర్చి కట్టిన గోడ ఉంది. అంజలి దూరం నుంచి ఉరికివచ్చి ఎగిరి దాని మీద చెయ్యి వేసింది. గోడ సగం ఆమెతోపాటే కిందికి వచ్చింది. ఆ సందులోంచి నలభై గొర్రెలు బయటపడి అంకాలమ్మ మిరపచేలో దూరాయి. అత్తాకోడళ్లు ముళ్లకంప దూకి, కాలువలో పడి లేచి, గట్లెక్కి దిగి వాటిని తోలుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ నెల మొత్తం మీద సరిగ్గా జరిగిన ప్రాక్టీసు అదొక్కటే.

ఏ పొద్దున మొదలుపెట్టినా అయిదు నిమిషాలకల్లా నీళ్ల ట్యాంకరు హారను వినపడేది. శ్రీశైలమ్మ ప్రాక్టీసు వదిలి బిందెలందుకునేది. నెత్తిన ఒకటి, చంకలో ఒకటి, చేతిలో బకెట్టు.

"అత్తమ్మా, అక్కడ ఎవరి మూట వాళ్లే మొయ్యాలంట. నాకు అలవాటు కావద్దా? ఒక్క బిందె ఇయ్యి."

"నువ్వు పోయి గోడెక్కు."

"గోడ ఏడుంది? కూలిపోయింది గదా."

"అయితే ఉన్నకాడికి ఎక్కు."

"నా మీద నీకు నమ్మకం లేదు, అంతేగా" అంది అంజలి.

శ్రీశైలమ్మ బిందెలతోపాటు ఇంకో రాయి కూడా ఎత్తుకుని వెళ్లిపోయింది.

పరుగు రోజు మార్కాపురం మైదానంలో పందొమ్మిది జంటలు వచ్చాయి. కొందరు అత్తలు చీర కింద ట్రాక్ ప్యాంటు వేసుకున్నారు. శ్రీశైలమ్మ చీర గోచీ పోసి కట్టి, నీళ్ల క్యానుతో గీత దగ్గరికి వచ్చింది. సుస్మిత అనే అమ్మాయి విజిలుతో అక్కడ నిలబడి ఉంది.

"అమ్మా, చేతిలో ఏమీ ఉండకూడదు."

"వట్టి చేతులతో ఎట్ల ఉరికేది తల్లీ?"

"అందరూ అట్లనే ఉరుకుతారమ్మా."

విజిలు పడింది. గోడ దగ్గర శ్రీశైలమ్మ మేక వెంట పడినట్టే ఎక్కి దిగింది. టైర్లు దాటింది. తాడు పట్టుకుని గుంట మీదుగా ఊగింది. అయితే దారిలో కనపడిందల్లా ఏరుకుంటూ వచ్చింది. బురదలోంచి పైకి లేచేసరికి ఆమె చేతుల్లో ఎవరివో రెండు చెప్పులు, ఒక తువ్వాలు, ఒంగోలు నుంచి వచ్చిన ఒక అత్తగారి కళ్లజోడు ఉన్నాయి. కళ్లజోడు పోయినావిడ అప్పటికే దారి కనపడక వెనక్కి పరిగెత్తుతోంది. ఆమెను పిలిచి జోడు పెట్టించి, సరైన వైపుకు తిప్పేసరికి రెండు నిమిషాలు పోయాయి.

ఎనిమిది అడ్డంకులు దాటేసరికి ముప్ఫై నిమిషాలు. తొమ్మిదోది ఇసక మూటలు. శ్రీశైలమ్మ ఒకటి కుడిభుజాన, ఒకటి ఎడమభుజాన వేసుకుని బయల్దేరింది. సుస్మిత ఎదురొచ్చి ఆపింది.

"ఎవరి మూట వాళ్లేనమ్మా. లేకపోతే లెక్కలోకి రాదు."

"నేను రెండూ మోస్తానంటే నీకేం కష్టం?"

"నాకేం కష్టం లేదు, రూలమ్మా."

"ఆ రూలు రాసినోళ్లను పిలువు."

రెండు నిమిషాలు అట్లా పోయాయి. కంభం బడి అంజలి కళ్లముందే దూరమైపోతోంది. "అత్తమ్మా, నీకు దండం పెడతా, దించు" అంది.

శ్రీశైలమ్మ మూటలు దించలేదు. సుస్మిత చెవి దగ్గరికి వంగి గుసగుసగా చెప్పింది. పుట్టినప్పటి నుంచి గొర్రెల వెంట అరిచిన గొంతు అది. ఆ గుసగుస చుట్టుపక్కల ఎవరికి వినపడినా వినపడకపోయినా అంజలికి మాత్రం శుభ్రంగా వినపడింది.

"నా కోడలికి ఆపరేషనైంది తల్లీ. బరువులెత్తకూడదన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పాకు. కోడలు రోగిష్టిదంటారు ఊళ్లో."

పెళ్లయిన మొదటి ఆషాఢానికి అంజలి దర్శి పోయింది. అక్కడే ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి వచ్చి, ఒంగోలులో అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. నరేష్ అప్పుడు గొర్రెలతో నల్లమల అంచుకు పోయి ఉన్నాడు. ఆసుపత్రిలో వారంరోజులు పక్కన కూర్చున్నది అత్తే. ఊళ్లో మాత్రం ఆషాఢమని పుట్టింట్లో ఉందనే అనుకున్నారు. అంజలి శ్రావణంలో తిరిగివచ్చేసరికి, అంతకు వారం ముందే ఇంటికి చేరిన అత్తకు చేతుల తిమ్మిరి మొదలై ఉంది.

"అత్తమ్మా, డాక్టరు చెప్పింది మూడు నెలలు."

"ఏంది?"

"మూడు నెలలు ఎత్తొద్దన్నాడు. ఇప్పటికి మూడేళ్లయింది."

శ్రీశైలమ్మ భుజాల మీద మూటలతో అట్లానే ఆలోచించింది. "ఎన్నాళ్లని నేనడగలా" అంది.

"మరి ఆ రాళ్లన్నీ ఎందుకు మోసినావు?"

"నీ నీళ్లొక్కటే మోస్తే ఎందుకని అడగరా? అందుకని కనపడిందల్లా ఎత్తినా."

"గోడలు దూకనిచ్చినావే మరి?"

"ఎత్తొద్దన్నాడు గాని దూకొద్దని ఏడన్నాడు?"

"అమ్మా, ఆరు నిమిషాలుంది" అంది సుస్మిత. ఆ అమ్మాయి విజిలు నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

అంజలి అత్త ఎడమభుజం మీది మూట లాక్కుని తన భుజాన వేసుకుని ఉరికింది. శ్రీశైలమ్మ పక్కనే ఉరుకుతూ, కోడలి మూట కింద ఒక చెయ్యి పెట్టింది. "చెయ్యి తగలకూడదమ్మా" అని వెనక నుంచి కేక వినపడితే, జానెడు కిందికి దించి గాల్లోనే పట్టుకుని ఉరికింది. పదో అడ్డంకి తాళ్ల నిచ్చెన. దాన్ని ఎక్కి దిగి ఇద్దరూ గీత దాటేసరికి ఇంకా అర నిమిషం మిగిలి ఉంది. వచ్చింది పదకొండో స్థానం. కాగితం మాత్రం చేతికొచ్చింది.

తిరుగు బస్సులో శ్రీశైలమ్మ కోడలి భుజం మీద తల వాల్చి, "మూడేళ్లుగా మెడ ఒకటే పీకుడే అంజలీ" అంది. అంతే, తర్లుపాడు దాకా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది. అంజలి నెత్తిన ఒక బిందె, చంకలో ఒకటి పెట్టుకుని ముందు నడిచింది. శ్రీశైలమ్మ చేతులు ఊపుకుంటూ వెనక వచ్చింది. ట్యాంకరు దగ్గరున్న వాళ్లంతా మాటలు ఆపి చూశారు.

"ఏందక్కా, ఖాళీగా వస్తన్నావు? తిమ్మిరి ఏమైంది?" అంది అంకాలమ్మ.

ఏం చెప్పాలో శ్రీశైలమ్మ ముందే అనుకోలేదు. అంజలి బిందె సర్దుకుని వెనక్కి తిరిగింది.

"అది నాకంటుకుంది చిన్నత్తా. నిన్నటి నుంచి ఖాళీగా ఉంటే నాకు చేతులు లాగుతాన్నాయి."

అంకాలమ్మ అంజలిని కింది నుంచి పైదాకా చూసింది. తరవాత, ట్యాంకరు నీడలో కూర్చుని ఫోను చూసుకుంటున్న తన కోడలి వైపు తిరిగింది.

"ఏమే మల్లీ, నువ్వొచ్చి కాసేపు అంజలి పక్కన నిలబడు."