మైదుకూరు కచేరీలో శభాష్

ఆ రోజుల్లో లోకంలోని శబ్దాలన్నీ రెండే రకాలని నా గట్టి నమ్మకం. ఉంచాల్సినవి కొన్ని, తీసేయాల్సినవి కొన్ని. ‘ఆ రోజుల్లో’ అన్నానని నేనేదో గ్రామఫోను కాలపు మనిషిననుకునేరు. అదేం లేదు, డ్రోన్ కెమెరా రాకపోతే తాళి కట్టనని పెళ్లికొడుకులు భీష్మించుకు కూర్చునే కాలమే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కర్నూల్లో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోలో కొత్తగా చేరాను. ఎండకు మాడిన కల్యాణమండపం వెనక మంచుకొండలు పెట్టడం, మూడుముళ్ల వేళ జనరేటర్ మోత తీసేయడం, మేనత్తల దగ్గులూ పసిపిల్లల ఏడుపులూ కత్తిరించి అక్కడ సన్నాయి అతికించడం నా పని. ఆ విద్యలో నన్ను మించినవాడు తుంగభద్రకు ఇవతలా అవతలా లేడని మా ఓనరు ఎన్నడూ అనలేదు గానీ, నేను అనుకునేవాణ్ణి. (జీతం పెంచమని అడిగినప్పుడు ఆయన అభిప్రాయం వేరని తెలిసింది.)

ఉద్యోగం కర్నూల్లో, మకాం కల్లూరులో మా మామ ఇంట్లో. మా అమ్మకు స్వయానా అన్న. ఎరువుల అంగడి నడిపి నడిపి, దాన్ని కొడుకు చేతిలో పెట్టి, మిగిలిన జీవితాన్ని సంగీతానికి రాసిచ్చిన మనిషి. అత్త పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె పోయాక ఆ ఇంట్లో మాటలు తగ్గి పాటలు పెరిగాయని మా అమ్మ అనేది. మామకు పాడటం రాదు, వాయించడం రాదు. వినడం మాత్రం అంగడి నడిపినంత శ్రద్ధగా నడిపాడు. కర్నూలు, కడప జిల్లాల్లో తలా ఒక ఊళ్లో ఉన్న ఇలాంటి పిచ్చివాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. తెల్లవారగానే ఎవరు ఏం వింటున్నారో అందులో పెట్టి తీరాలి. “ఈ పొద్దు తోడి. శెనక్కాయలు వొలుచుకుంటా ఇంటాండా” అని బనగానపల్లె నుంచి ఒకాయన. “భైరవి విన్న్యాక బీపీ దిగింది” అని ఇంకొకాయన. “దిగితే దిగిందిలే, మాత్ర మాత్రం మానొద్దప్పా” అని కింద నలుగురి సలహా. పొరపాటున గుడ్ మార్నింగ్ అని గులాబీపువ్వు బొమ్మ పెట్టినవాడికి వారం రోజులు గ్రూపు నుంచి వెలి.

ఈ గ్రూపుకు తలమానికం మైదుకూరు రికార్డింగు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట మైదుకూరులో శ్రీరామనవమి పందిట్లో ఒక పెద్ద విద్వాంసుడు పాడితే, జనం మధ్యలో టేప్ రికార్డరు పెట్టి పట్టిన కాంభోజి అది. పట్టినాయన తాళం సారు. రిటైరైన లెక్కల మాస్టారు. పాట వినేటప్పుడు తాళం తప్పకుండా వేస్తాడు, కాకపోతే పక్కవాడి తొడ మీద వేస్తాడు. అందుకే ఆయన పక్కన కూర్చోవాలంటే కొంచెం కండ ఉండాలి. ఇక ఆ రికార్డింగులో విద్వాంసుడు ఆలాపన పైకి, ఇంకా పైకి తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి ఊపిరి వదిలిన క్షణంలో, పందిట్లోంచి ఎవరో గుండెలోంచి “శభాష్!” అంటారు. ఆ శభాష్ కోసమే అందరూ దాన్ని పదే పదే వినేవాళ్లు. దానితో పాటు అడుగున ‘గుర్ర్’మని ఒక మంద్రనాదం వినపడుతుంది. “ఆ తంబుర జీవం చూడప్పా! ఇప్పటి తంబురలు అట్ల యాడ పలుకుతాయి?” అని మామ ప్రతిసారీ తల ఊపేవాడు. గ్రూపంతా ఊపేది. వాళ్లను చూసి నేనూ ఊపేవాణ్ణి.

చిక్కల్లా ఆ శభాష్ ఎవరిదన్నదే. “నాది” అని మామ. “నాది” అని మైదుకూరు పసుపు వ్యాపారి సెట్టి. ఇద్దరూ టేప్ రికార్డరుకు చెరోపక్కా కూర్చున్నారట. తాళం సారును సాక్ష్యం అడిగితే, తాను మిషన్ మీద ఎర్రలైటు ఆరిపోకుండా చూసుకుంటున్నానని తప్పించుకునేవాడు. ఈ తగువు ఏళ్ల తరబడి నలిగి నలిగి, చివరికి ఒకాయన విసుగెత్తి ఒక తీర్పు చెప్పాడు. వచ్చే ఆదివారం కల్లూరులో మామ ఇంట్లో అందరూ కలుద్దాం, పెద్ద స్పీకర్లలో పెట్టి విందాం, గొంతు ఎవరిదో తేల్చుకుందాం; ఓడినవాడు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. మామ ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. శనివారం మధ్యాహ్నం నేరుగా మా స్టూడియోకే వచ్చాడు.

“అల్లుడా, ఆ రికార్డింగులో శానా గరగర ఉండాది. నువ్వు దాన్ని బాగ కడిగి పెట్టు. నా గొంతు అద్దంలో ముఖం మాదిరి కనపడాల. అంగడి కొడుక్కిచ్చినా, నగలు కోడలికిచ్చినా. నాదని చెప్పుకునేకి నాకింక ఆ ఒక్క శభాషే మిగిలిండేది” అన్నాడు.

నవ్వుతూ అన్నాడు గానీ కళ్లలో నవ్వు లేదు. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. పాటను ఒకవైపు, మిగతా రొదను ఒకవైపు విడదీసే సాఫ్ట్‌వేర్ మా దగ్గరుండేది. కూర్చున్నాను. కడిగాను. కంప్యూటరు చిన్నగా పని ముగించి రెండు ఫైళ్లు నా ముందు పెట్టింది. ఒకదానికి ‘కాంభోజి’ అని పేరు పెట్టాను. రెండోదానికి ‘చెత్త’ అని పెట్టాను. కాంభోజి మధ్యలో ఎక్కడో కాసేపు విన్నాను. పాలల్లో కడిగినట్టుంది. తంబుర ఎందుకో మాయమైంది గానీ, కంప్యూటరుకు సంగీతజ్ఞానం ఎక్కడిదిలే అనుకున్నాను. మిగతాది వినే ఓపిక లేక సినిమాకు పోయాను. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆదివారం పొద్దున మామ ఇల్లు పెళ్లి ఇల్లయింది. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు. మిద్దె మీది గదిలో చాపలు. సెట్టి కొత్త కండువా వేసుకుని, తన తరఫున గొంతు గుర్తుపట్టడానికి ఇద్దరు బావమరుదుల్ని వెంటేసుకుని వచ్చాడు. మామ ఇస్త్రీ చొక్కాతో గోడకానుకుని, ఇంకొకళ్ల పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. తాళం సారు పక్కన చోటు ఖాళీగా ఉంటే, పెద్దలు నన్ను ప్రేమగా అక్కడ కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. “ఆహా, ఏమి శుద్ధం!” అన్నారంతా. నేను చిరునవ్వు దాచుకున్నాను. ఆలాపన మెల్లగా మెట్లెక్కింది. గదిలో కదలిక లేదు. సెట్టి బావమరుదులు ముందుకు వంగారు. మామ కళ్లు మూసుకున్నాడు. విద్వాంసుడు పైకెళ్లి, అక్కడ నిలబెట్టి, ఊపిరి వదిలాడు.

ఏమీ లేదు. నిశ్శబ్దం. ఆ తర్వాత వయొలిన్ అందుకుంది.

“శభాష్ యాడ?” అన్నాడు సెట్టి.

“నా శభాష్ యాడరా?” అన్నాడు మామ.

తాళం సారు చెయ్యి నా తొడ మీద గాల్లోనే ఆగిపోయింది. నేను గొంతు సవరించుకుని, సంగీతానికి అడ్డంగా ఉన్న అనవసర శబ్దాలన్నిటినీ తొలగించడం జరిగిందని, పాటకు మాత్రం ఏ లోటూ లేదని, పెళ్లివారికి చెప్పే మర్యాదలోనే వివరించాను. అంతే. “అనవసరమా!” అని ఒకరు, “వీనికి పని చెప్పిందెవురప్పా?” అని ఒకరు, “బిడ్డను పారేసి ఉయ్యాల తెచ్చినాడే!” అని బనగానపల్లె ఆయన. మామ నావైపు చూశాడంతే. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది, చెత్త ఇంకా పారేయలేదని.

“మామా, తీసేసిందంతా వేరే దాచినా. పెడతాను” అన్నాను.

“పెట్టు ముందు” అన్నారు అందరూ ఒక్కసారి.

పాట లేని కచేరీ ఎప్పుడైనా విన్నారా? మేం విన్నాం. ముందు ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరిదో పొడిదగ్గు. “అది మా నాయనది! మా నాయన దగ్గు!” అని సెట్టి బావమరుదుల్లో ఒకతను లేచి నిలబడ్డాడు. (ఆయన పోయి చాలా ఏళ్లయిందట.) గాలికి పందిరి ఆకుల గలగల. తర్వాత చాలా దగ్గర్నుంచి, బేరాల్లో ఆరితేరిన గొంతు, “బొరుగులు ఇంతేనాప్పా? పిడికెడు గుడక లేవే, ఇంగొంచెం పొయ్యి!” అంది. అందరూ సెట్టి వైపు తిరిగారు. సెట్టి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. బొరుగులు అమ్మే ఆమె ఏదో గొణిగింది, పొట్లం గలగలలాడింది. ఆ వెనక మెల్లగా మొదలైంది మా అందరి తంబుర.

పాట పక్కన లేకపోయేసరికి దాని బండారం బయటపడింది. తంబుర మధ్య మధ్యలో గుటక వేయదు. తంబుర ‘ఫుస్సు’మని గాలి వదలదు. అది గురక. జీవం తొణికిసలాడే, శృతి తప్పని గురక. తాళం సారు అలవాటు కొద్దీ దానికి నా తొడ మీద ఆదితాళం మొదలుపెట్టాడు. గది గదంతా నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటుండగా, గురకకు ఇంకా దగ్గరగా, ఒక ఆడగొంతు, లోపల్లోపలే గుసగుసగా వినిపించింది.

“ఇదో... లెయ్. గురక పెడతాండావు. పాడే ఆయప్ప ఈడికే సూస్తాండాడు. లెయ్యంటే!”

ఉలిక్కిపడ్డ చప్పుడు. వెంటనే, “శభాష్!”

మామ గొంతే. అనుమానమే లేదు. గది గోడలు కూలేంత నవ్వు లేచింది. “శభాష్ నీదేనప్పా, గురక గుడక నీదే!” అని ఎవరో అరిచారు. ముప్పై ఏళ్లుగా విద్వాంసుడి గొప్పతనానికి కొలమానంగా నిలిచిన ఆ శభాష్ నిద్రలోంచి వచ్చిందని తెలిశాక, ఇక ఎవరు మాత్రం ఆగుతారు? నేనూ నవ్వాను. నవ్వుతూ మామ వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు, సిగ్గుపడటం కూడా లేదు. చెయ్యి ఎత్తాడు.

“మళ్లా పెట్టు.”

ఎంత చెడ్డా గెలిచాడు కదా, ఇంకోసారి వినాలనుకుంటున్నాడని శభాష్ దగ్గర పెట్టాను.

“అది కాదు. దాని ముందర.”

అప్పటికి నాకు వెలిగింది. ‘ఇదో... లెయ్’ అంది అత్త. రెండోసారి పెట్టాను, మూడోసారి పెట్టాను. నేను వందల పెళ్లిళ్ల శబ్దాలు కంప్యూటర్లో దాచినవాణ్ణి. ఆ ఇంట్లో ఆమె చేతి అన్నం తిని, ఆమె గొంతు ఒక్కసారి కూడా ఎక్కడా దాచలేదు. మామ దగ్గర ఫొటోలు బోలెడున్నాయి. గొంతు లేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

గదిలో అందరికంటే ఇబ్బంది పడింది సెట్టి. మంచి మనిషి, ఎదుటివాడు చిన్నబోయి కూర్చుంటే చూడలేడు. గ్రూపు వైపు తిరిగి, “ఏమప్పా, ఇదంతా ఎందుకు! పెద్దమనిషిని అట్ల నవ్వేది న్యాయమా? శభాష్ ఈయప్పదే అనుకుందాం. ఆ గురక నాది అనుకోండి. నేను గుడక ఆడే ఉంటిని కదా, ఆ పొద్దు పసుపు లోడు ఎత్తి అలిసిపోయింటిని. నా లెక్కలో రాసెయ్యండి” అన్నాడు.

అందుకు మామ అంత కోపం తెచ్చుకుంటాడని ఎవరూ అనుకోలేదు. చాప మీద నుంచి సగం లేచాడు.

“నీదెట్లవుతాది సెట్టీ? నిన్ను లేపిందా ఆయమ్మ? కావాలంటే శభాష్ నువ్వు తీసుకో. మైదుకూరంతా చెప్పుకో పో, నేను అడ్డం రాను. గురక మాత్రం నాది!”

సెట్టి వచ్చి మామ పక్కన కూర్చుని, ఆయన చేతిలో బజ్జీ పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికేముంది, అక్కడే ఏడ్చాను. తాళం సారు ఓదార్పుగా నా తొడ తట్టాడు. (అది కూడా తాళంలోనే.)

ఆ సాయంత్రం ఆ ఫైలు పేరు మారుస్తానని మామను అడిగాను. ఏదైనా గౌరవమైన పేరు పెడదామన్నాను. “వద్దులే, వెదుక్కునేకి సులువుగా ఉండాది, అట్లే ఉండనీ” అన్నాడు. ఇప్పటికీ ఆయన ఫోన్లో అది ‘చెత్త’ పేరుతోనే ఉంది, రోజూ మోగుతూనే ఉంది. నేను ఇప్పుడు సొంత స్టూడియో పెట్టుకున్నాను. పెళ్లి వీడియోలో ఎవరిదైనా దగ్గో, గొణుగుడో వినిపిస్తే తీసేయమని గిరాకీలు గొడవపెడతారు. సరే, తీసేస్తానంటాను. తీసేసి, వాళ్లకు చెప్పకుండా రెండోది కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. ఆ కల్లూరు కుర్రాడు, శబ్దాలు రెండే రకాలని నమ్మిన ఆ మహా మేధావి, అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాను. ఎంత తెలివితక్కువవాడో అంత అదృష్టవంతుడు, ఆ శనివారం చెత్త పారబోయడానికి బద్ధకించి సినిమాకు పోయాడు.