బోర్డు మీద లేని జవాబు

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే పలకా బలపం రోజులనుకుంటారేమో. ఇది ఇంటర్ రెండో ఏడాది సంగతి. మొన్న మా మనవడు ఫోనులో వీడియో పెట్టుకుని, అప్పట్లో నన్ను ఇబ్బంది పెట్టిన లెక్కే నేర్చుకుంటుంటే వెనక నిలబడి చూశాను. వాడికి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది లెక్క గురించి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది తణుకు పక్కన పల్లెటూరు. కాలేజీకి బస్సులో వెళ్ళేవాణ్ణి. చెరుకు కోతల కాలంలో రోడ్డు పొడవునా బళ్ళు బారులు తీరేవి, వాటి వెనకాల మా బస్సు నత్తలా కదిలేది. ఒకరోజు అలా ఆలస్యంగా క్లాసుకి చేరితే లెక్కల లెక్చరరు గారు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. చెరుకు బళ్ళ మాట ఎత్తబోతే, బళ్ళు నీ ఒక్కడికే అడ్డమొచ్చాయా అన్నారు. నా తరవాత స్కూటరు మీద దిగిన రైసుమిల్లు వారబ్బాయిని మాత్రం లోపలికి రానిచ్చారు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. తలుపు వేసేశారు కాబట్టి ఆ గంటంతా సుద్దముక్క చప్పుడు వినబడింది గానీ బోర్డు కనబడలేదు. ఆ రోజు ఆయన చెప్పిన పాఠం సైనులకీ కాసులకీ సరి ఘాతాలుంటే ఇంటిగ్రేషన్ ఎలా చెయ్యాలన్నది.

పబ్లిక్ పరీక్షకి ముందు కాలేజీలో సెలెక్షన్ పరీక్ష పెట్టేవారు. అందులో తప్పినవాణ్ణి పబ్లిక్ పరీక్షకి పంపేవారు కాదు. ఏడాది పోయినట్టే. మా నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. ఏడాది పోతే ఇక చదువు మాట ఎత్తకుండా కొట్లో కూర్చోవాలని ముందే చెప్పి ఉంచాడు. ఆయన మాటంటే మాటే.

ఆ పరీక్షలో కాస్ నాలుగో ఘాతాన్ని ఇంటిగ్రేట్ చెయ్యమన్నారు. గుమ్మం బయట నిలబడినవాడికి క్లాసులో చెప్పిన పద్ధతి ఎలా తెలుస్తుంది? భాగాలుగా విడదీసి చేసే పద్ధతి మాత్రం నాకు బాగా వచ్చు. ఒక కాస్‌ని పక్కకి లాగి, మూడింటిని ఇటుంచి, పేజీ నిండా కుస్తీ పట్టి జవాబు తెచ్చాను.

మా కాలేజీలో పేపర్లు పక్కవాళ్ళు దిద్దే అలవాటుండేది. లెక్చరరు గారు బోర్డు మీద జవాబులు రాస్తారు, పేపర్లు అటూ ఇటూ మారతాయి, రాసినదానితో సరిపోతే టిక్కు, లేకపోతే ఇంటూ. నా పేపరు మిల్లు వారబ్బాయి చేతికెళ్ళింది. బోర్డు మీద సైన్ రెండు ఎక్స్, సైన్ నాలుగు ఎక్స్ ఉన్నాయి. నా జవాబులో వాటి బదులు సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ ఉన్నాయి. వాడు పేజీ అంత ఇంటూ పెట్టాడు. ఆ లెక్క పోతే నేను తప్పినట్టే. లేచి నా జవాబు కూడా సరైనదేనన్నాను.

"బోర్డు మీద ఉన్నది నీ పేపర్లో లేదు కదా. కూర్చో," అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాలు గారికి ఫిర్యాదు రాయాలని కూర్చున్నాను. మా పక్కింటి అక్క బీఎస్సీ లెక్కలు చదివి, అప్పుడు బీఎడ్ చేస్తోంది. వాళ్ళ అరుగు మీద పాఠాల చార్టులు గీసుకుంటూ, ఏంట్రా ఆ మొహం అని పిలిచింది. చెరుకు బళ్ళ దగ్గర్నుంచి ఇంటూ గుర్తు దాకా అంతా చెప్పాను. అయ్యో పాపం అంటుందనుకున్నాను. అనలేదు. చార్టు ఒకటి వెనక్కి తిప్పి, నేను మీ మాస్టారిని అనుకో, నన్ను ఒప్పించు అంది.

ఎక్స్ సున్నా అయితే రెండు జవాబులూ సున్నాయే అని చూపించాను.

"సున్నా దగ్గర అందరూ సమానమేరా," అంది.

నాకు కోపమొచ్చింది. నా జవాబుని డిఫరెన్షియేట్ చేసుకుంటూ వెనక్కి వెళ్ళి, కాస్ నాలుగో ఘాతం దగ్గర ఆగి, ఇంకేం కావాలన్నాను.

"నీది రైటని నువ్వు రుజువు చేసుకున్నావు. ఆయనదీ రైటే. ఆయన చూస్తున్నది బోర్డుని. నీ జవాబుని అక్కడి దాకా నడిపించి చూపించు."

నాకు అందని పాఠం అప్పుడు చెప్పింది. బేసి ఘాతమైతే ఒకదాన్ని విడిగా తీసి పక్కన పెట్టుకోవచ్చు. సరి ఘాతంలో అన్నీ జతలే, విడిగా తియ్యడానికి ఒంటరిది మిగలదు. అందుకని కాస్ స్క్వేర్ ఉన్నచోట, ఒకటికి కాస్ రెండు ఎక్స్ కలిపి అందులో సగం రాసుకోవాలి. ఘాతం తగ్గుతుంది, కోణం రెట్టింపవుతుంది. ఇంతే చెప్పి తన చార్టులు తను గీసుకుంది.

నా జవాబులో కాస్ క్యూబ్ ఉన్న ముక్కలోంచి ఒక కాస్ స్క్వేర్ తీసి అలా మార్చాను. సైన్ నాలుగు ఎక్స్ తనంతట తనే బయటపడింది. సైన్ రెండు ఎక్స్ పదహారో వంతు ఒకచోట, మూడు పదహారో వంతులు ఇంకోచోట తేలాయి. రెండూ కలిపితే నాలుగో వంతు. బోర్డు మీద ఉన్నదీ అదే.

నేను లేచి వస్తుంటే అక్క ఇంకో మాట చెప్పింది. "గుమ్మంలో నిలబెట్టిన సంగతి ఎత్తకు. స్కూటరు సంగతీ ఎత్తకు. అవి కలిపావంటే ఆయన వాటికే జవాబు చెప్తారు, లెక్క పక్కకి పోతుంది."

ఆ మాట పాటించడం లెక్క కంటే కష్టమైంది. మర్నాడు స్టాఫ్‌రూములో కాగితం ఆయన ముందు పెట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన టీ తాగుతూ వరసలన్నీ చదివారు. పదహారో వంతుల దగ్గర వేలు పెట్టి ఒకసారి ఆగారు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టేసి మార్కులు వేశారు.

"అందరిలాగా రాసుంటే ఈ గొడవుండేది కాదు కదయ్యా," అన్నారు.

అందరిలాగా ఎందుకు రాయలేకపోయానో చెప్పడానికి నోటిదాకా వచ్చింది. మింగేశాను. పరీక్షకి వెళ్ళాను, పాసయ్యాను, కొట్లో కూర్చోలేదు. ఆయన మాత్రం పొరపాటైందని ఆ రోజూ అనలేదు, ఆ తరవాతా అనలేదు. ఆ మాట నాకు బాకీ ఉందనే అనుకుంటాను.

ఇప్పుడు మా వీధిలో నేను ఫిర్యాదుల మనిషిని. కరెంటాఫీసు, బస్సు డిపో, పంచాయతీ, అందరికీ నా చేతిరాత తెలుసు. కానీ కాగితం తీసే ముందు ఒక పూట అవతలి మనిషినై కూర్చుంటాను. నా మాట దగ్గర్నుంచి వాళ్ళు నమ్మే మాట దాకా దారి ఉందా అని వరసగా వెతుకుతాను. చాలా ఫిర్యాదులు ఆ పూటతోనే ఆగిపోతాయి. దారి దొరికినదాన్ని మాత్రం, ఎవరేమనుకున్నా, వదలను.