ముడి దాటిన దారం

దూరమెంతని ఎవరు అడిగినా, ఆమె ముందు దారం కొసను పెదవుల మధ్య తడుపుకుంటుంది. తర్వాత బల్ల మీది గ్లోబుపై ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి దాన్ని బిగించి పరుస్తుంది. ఆమె పనిచేసే విమాన టికెట్ల దుకాణంలో కంప్యూటర్ ఉంది, అది గంటలు చెబుతుంది. ఆమె దారి చూపిస్తుంది.

"పటంలో అడ్డంగా కదండీ ఉంది, ఇదేంటి మంచు మీదుగా పోతోంది?" అంటారు టికెట్ కొనడానికి వచ్చినవాళ్లు.

"కాగితం బల్లపరుపుగా ఉంటుంది, భూమి అలా ఉండదు. దగ్గరి దారి ఇదే."

అలా ఆమెకు దారం అక్క అని పేరు పడింది. ఆ దారం అమ్మ కుట్టుమిషన్ కండెలోది. మిషన్ని చెల్లెలు చెప్పాపెట్టకుండా అమ్మేసి దూరదేశం వెళ్లిపోయింది. "నీ మొహం చూపించకు" అంది ఈమె. "నువ్వు రమ్మన్న రోజే వస్తాలే" అంది చెల్లెలు. 'రా' అన్న ఆ ఒక్క మాట ఏళ్లుగా ఈమె నోరు దాటలేదు.

కానీ రోజూ సాయంత్రం, షట్టరు దించే ముందు, చెల్లెలి ఊరి దాకా దారం పరుస్తుంది. సరిగ్గా అందేచోట ఒక ముడి వేసుకుంది. పద్నాలుగు గంటల ప్రయాణం.

ఒక సాయంత్రం ముడి ఆ ఊరిని దాటింది.

"దారం సాగిందేమో అమ్మాయ్," అన్నాడు ముసలి యజమాని.

వేరే ఊళ్లకు పరిచి చూసింది. ఆ దూరాలన్నీ ఆమె వేళ్లకు తెలుసు. ఎక్కడా తేడా లేదు. ఆ ఒక్క దారే. మర్నాడు ఆ దూరం ఇంకా తగ్గింది.

"భూమి నీకోసం ముడుచుకుంటోందా ఏంటి? టికెట్ రేటు కూడా తగ్గించమను," అని నవ్వాడాయన. కంప్యూటర్ మాత్రం పద్నాలుగు గంటలే అంటోంది.

వారం తిరిగేసరికి, కళ్లకు ఆ రెండు ఊళ్లూ ఎప్పటి చోటనే కనిపిస్తున్నా, వాటి మధ్య బెత్తెడు దారం సరిపోయింది. ఆమె ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"ఇంట్లో. ఎక్కడుంటాను?" గొంతు చెవి పక్కనే ఉంది. "అంత గట్టిగా అరుస్తావేంటక్కా?"

అప్పుడే ఎదురు కొట్టువాడు షట్టరు లాగాడు. ఆ చప్పుడు ముందు ఫోన్లోంచి వచ్చింది, తర్వాత వీధిలోంచి.

"ఏంటే అది?"

"షట్టరు. వారం నుంచీ రోజూ వినిపిస్తోంది. మా వీధిలో కొట్లే లేవక్కా."

"చెప్పక్కా," అంది చెల్లెలు.

ఆ ఒక్క మాట నాలుక మీదికి వచ్చింది. తడి దారం ఇంకా పెదవుల మధ్యే ఉన్నట్టు నోరు విడలేదు. "ఏం లేదు," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే తాళం తీసి, లైటైనా వేయకుండా దారం పరిచింది. ముడి అందలేదు. మిగిలిన దారమంతా విప్పింది. కొస సముద్రం మధ్యలో ఆగిపోయింది.

యజమాని వచ్చేసరికి ఆమె తన కుర్చీలో లేదు. బల్లకు ఇవతల, టికెట్లు కొనేవాళ్ల కుర్చీలో, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒక టికెట్ కొట్టు బాబాయ్. నా పేరు మీద. ఇవాళ్టిదే."

ఆయన కంప్యూటర్ చూశాడు. "నీకు తెలియందేముంది, పద్నాలుగు గంటలు."

"ముందు కొట్టు బాబాయ్," అంది. "దూరం పెరుగుతోంది."