అంచు కుట్టని దట్టీలకు నాలుగు మార్కులు

మొన్న టీవీలో ఏదో చలిదేశంలో మంచు మీద జారుతూ ఆడే జంటల పోటీ చూపించారు. ఒక పిల్ల, ఒక పిల్లవాడు. బూట్ల కింద కత్తుల్లాంటివి బిగించుకుని, గాలిలో ఎగిరి దిగుతున్నారు. ఆట అయ్యాక ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, ఆ పిల్ల గౌను రంగు పిల్లవాడి చొక్కాకు కుదరలేదని, పూసలు ఎక్కువైనాయని చాలాసేపు తీర్పు చెప్పారు. వాళ్ళిద్దరూ ఎట్లా తిరిగారన్నది ఒక్క మాట లేదు. నాకు ఒళ్ళు మండింది. మండే హక్కు నాకు లేదని కూడా తెలుసు. ఒకప్పుడు నేనూ జంటల బట్టలకు మార్కులు వేసినవాణ్ణే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోనిలో పత్తి మండీకి పోయే దారిలో ఒక అరుగు మీద నా కుట్టు మిషను ఉండేది. నేను బడికి పోయినవాణ్ణి కాదు. గుడ్డలు చుట్టి తెచ్చే పాత పత్రికల మీదనే అక్షరాలు కూడబలుక్కున్నాను. నాలుగు ముక్కలు చదవడం వచ్చేసరికి జనం నన్ను తెలిసినవాళ్ళలో జమకట్టారు. ఆ మర్యాద నాకూ నచ్చింది. ఎమ్మిగనూరులో జంట కోలాటం పోటీ పెట్టి, బట్టలకు మార్కులు వేయడానికి దర్జీ ఒకడు కావాలని కబురు చేస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను.

గుంపు కోలాటం అందరికీ తెలిసిందే. ఇందులో ఇద్దరే ఉంటారు. ఎదురెదురుగా నిలబడి కోలలు తాకిస్తూ తిరుగుతారు. పాటలో చరణం మారినప్పుడల్లా ఒకరి చోటికి ఒకరు దూకాలి. తాళం తప్పకుండా, కోల ఆగకుండా ఆ మార్పిడి చేయడంలోనే పనితనమంతా ఉంటుంది.

తీర్పరులం ముగ్గురం. అడుగులకూ తాళానికీ మార్కులు అక్కడి బడిపంతులు వేస్తాడు. బట్టలకు నేనూ, ఆదోని పత్తి మండీలో పేరున్న ఒక దళారీ. ఆయన పంచె దించి కడితే నేల ఊడ్చుకుంటూ వచ్చేది. నా అరుగుకు సగం పని ఆయన చుట్టాలు, ఆయన చెప్పి పంపినవాళ్ళే తెచ్చేవారు.

బట్టల మార్కులు ఆటకు ముందే వేయాలని కట్టడి. ఆటలోకి దిగితే దుమ్ము, చెమట. తరవాత చూడ్డానికి బట్టలో ఏముంటుందని వాళ్ళ వాదన. జంటలన్నీ పందిరి కింద వరసగా నిలబడితే, మేము గుడ్డ పట్టుకుని, నలిపి, తిప్పి చూసుకుంటూ పోవాలి. ఇంకొకటి: మార్కు పైకి చెప్పకూడదు. మండీలో ధర మాట్లాడుకున్నట్టే దళారీ తువ్వాలు కప్పి, దాని కింద నా వేళ్ళు పట్టుకునేవాడు. ఎన్ని వేళ్ళు పడితే పదికి అన్ని మార్కులు. ఐదు దాటితే రెండోసారి పడతాడు. ఒప్పుకుంటే నేను పిడికిలి ముడవాలి. ముడిస్తే పంతులు కాగితం మీద ఎక్కిస్తాడు.

అసలు పోటీ రెండు జంటల మధ్యనే అని పంతులు ముందే చెప్పాడు. ఒకటి ఆదోని జంట. ఇద్దరికీ ఆకుపచ్చ శాటిన్ చొక్కాలు, నడుముకు చుట్టిన జరీ దట్టీలు. చొక్కాలు కుట్టింది నేనే. ఆ సంగతి పంతులుకు తెలియదు, నేనూ చెప్పలేదు. రెండో జంటలో ఒకతను ఎమ్మిగనూరు నేతగాడు. ఇంకొకతను మాధవరం దగ్గరి ఏటిగట్టు పల్లె నుంచి కూలికి వచ్చి, నూలు బేళ్ళు మోస్తూ, ఊరి చివర కిరస్తానీల పేటలో ఉంటున్నవాడు. మగ్గం చప్పుడుకు తాళం వేస్తూ నేతగాడి అరుగు కింద నిలబడేవాడట. నేతగాడు పిలిచి కోలలు చేతికిచ్చాడు. రెండేళ్ళుగా కలిసి ఆడుతున్నారు. కోలకు కోల తగులుతుంది గాని చేతికి చెయ్యి తగలదు గదా అని నేతగాళ్ళ వీధివాళ్ళు ఊరుకున్నారు. ఈ మధ్య ఊరుకోవడం లేదు.

ఆ వీధి పెద్ద ఒకాయన పందిరి గుంజకు ఆనుకుని మా ముందే నేతగాడితో అన్నాడు.

"గెలిస్తే మన వీధిలో మీ ఇద్దరి ఆట పెట్టిస్తా. అడ్డమొచ్చినోళ్ళకు నేను సెప్పుకుంటా. ఓడిపోతే మాత్రం ఎవురి వీధిలో వాళ్ళు ఆడుకోవాల. నన్ను మల్లా అడగొద్దు."

"గెలుస్తాంలే మామా," అన్నాడు నేతగాడు. కూలీ అతను తల వంచి గజ్జెలు సర్దుకుంటున్నాడు.

మేము ఆ జంట ముందుకు వచ్చాం. ముతక తెల్ల పంచెలు గోచీ పోసి కట్టారు. నడుముకు నేతగాడు తానే నేసిన దట్టీలు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొసలు మడిచి కుట్టలేదు. మూరెడేసి పోగులు అల్లకుండా వదిలేసి, నడుం పక్కన వేలాడదీశారు.

దళారీ ఆ పోగులు పట్టుకుని ఊపాడు.

"ఏమప్పా, మగ్గం మీదనుంచి సగంలోనే కోసుకొచ్చినావా?"

"అది అంతే సావుకారూ. కావాలనే ఇడిసినా," అన్నాడు నేతగాడు.

"ఒకనికి ఎరుపు, ఒకనికి నీలం. కాడికి కట్టే ఎద్దులకైనా ఒక రంగు సూసుకుంటాం గదప్పా."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దర్జీకి మడవని కొస కనిపిస్తే మరింకేమీ కనిపించదు. తువ్వాలు కింద దళారీ నాలుగు వేళ్ళు పట్టాడు. పిడికిలి ముడిచాను. శాటిన్ చొక్కాలకు ముందు ఐదు, తరవాత నాలుగు. దానికీ ముడిచాను, ఇంకా తొందరగా.

ఎండ వాలాక ఆట మొదలైంది. మొదట శాటిన్ జంట దిగింది. తళతళలాడుతూ బాగానే ఉన్నారు. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే బట్ట. దుమ్ము లేచాక ఎవరు ఎవరో తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది. గుడ్డ చాలక ఒక చొక్కాకు చంక కింద అతుకు వేసి ఉన్నాను. చేయి ఎత్తినప్పుడల్లా ఆ అతుకు కనిపిస్తోంది. మూడో చరణంలో అతుకు చొక్కా ఉన్నచోటనే ఉంది. నాలుగో దాంట్లోనూ అంతే. చోట్లు మార్చుకోకుండా ఉన్నచోటనే గిర్రున తిరిగి సరిపెట్టారు. పంతులు తల ఊపుతూ మార్కులు వేసుకుంటున్నాడు.

తరవాత నేతగాడి జంట వచ్చింది. మొదటి తిరుగుడుకే ఆ పోగులు లేచి గొడుగులా విచ్చుకున్నాయి. చరణం మారగానే ఎరుపు నీలంలోంచి దూసుకుపోయింది. ఏ రంగు ఎక్కడికి పోయిందో మైదానం చివర నిలబడ్డ ముసలమ్మకు కూడా కనిపించింది. తప్పు చేస్తే తప్పు కూడా అట్లాగే కనిపించేది. ఆ బట్టలో దాక్కోవడానికి చోటు లేదు. తెలిసే అట్లా నేసుకున్నాడు. కుట్టు వేసి ఉంటే ఆ కొసలు బరువెక్కి కాళ్ళకు కొట్టుకుంటూ ఉండేవి.

నేను దళారీని పందిరి వెనక్కు పిలిచాను.

"సావుకారూ, ఆ నాలుగు తప్పు. ఎనిమిదన్నా ఇయ్యాల."

"పిడికిలి ముడిసినావు గదప్పా."

"ఆట సూడకముందు ముడిసినా."

"మేం గింజ తీయకముందే పత్తి కొంటాం. తీసినాంక దూది తక్కువొచ్చిందని మల్లా బేరానికి పోతామా? గుడ్డ కింద అయిపోయిన మాట అయిపోయినట్టే. అది తిరిగితే రేపు మండీలో ఎవుడు ఎవుని సెయ్యి పట్టుకుంటాడు?"

"ఆ శాటినోళ్ళు రెండుతూర్లు సోటు మార్సుకోలేదు."

ఆయన నన్ను నిదానంగా చూశాడు. "మాకెవురికీ కనపళ్ళేదే. నీకొక్కనికే ఎట్ల కనపడె?"

చంక కింద అతుకు గురించి చెప్పాలి. చెబితే చొక్కాలు నేను కుట్టానని చెప్పాలి. కుట్టినవాడివి నీ చొక్కాలకు నువ్వే తొమ్మిది ఎట్లా ఒప్పుకున్నావని పంతులు అడుగుతాడు. ఆదోనిలో అరుగు గుర్తుకొచ్చింది. పోయి పంతులు పక్కన కూర్చున్నాను. ఇంతకాలం ఆ దళారీని, ఆ తువ్వాలును తిట్టుకుంటూ వచ్చాను. తిట్టదగ్గవే. కాని నా నోరు మూసింది తువ్వాలు కాదు.

పంతులు మార్కులు చదివాడు. ఆటలో నేతగాడి జంటకు మూడు ఎక్కువ. బట్టల్లో ఐదు తక్కువ. రెండు మార్కులతో ఓడిపోయారు.

వీధి పెద్ద లేచి పైపంచె దులుపుకున్నాడు. "అయిపాయ. ఇంగ ఎవురి వీధి వాళ్ళది," అని నడిచిపోయాడు. కోపంగా అనలేదు. ఆయనకూ వాళ్ళు గెలవాలనే ఉన్నట్టుంది.

కూలీ అతను గజ్జెలు విప్పి, కోలలు నేతగాడి ముందు పెట్టాడు.

"ఇవి నీకాడ్నే ఉండనీ అన్నా."

"నీవి నువ్వు తీస్కపోప్పా. రెండు జతలు పెట్టుకుని నేనేం జేసుకుంటా."

అతను తీసుకుని చంకలో పెట్టుకుని పేట వైపు పోయాడు. నేతగాడు నా దగ్గరకు వచ్చి దట్టీ విప్పి చూపించాడు.

"అన్నా, దీంట్లో ఏం తప్పు కనపడె మీకు?"

"కొస కుట్టలేదు," అన్నాను.

"కుడితే ఎగరదు గదన్నా."

ఆ మాట అతను పోట్లాటకు అన్నది కాదు. పనివాడు పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. నేను బస్సు టైమైందని వచ్చేశాను.

మరుసటేడు పోటీకి ముందు నేతగాడు ఆదోనికి వచ్చి నా మిషను మీద ఊదారంగు శాటిన్ గుడ్డ పెట్టాడు. వెంట వాళ్ళ మేనమామ కొడుకు ఉన్నాడు, కొత్త జోడు. "ఇద్దరికీ ఒకేమాదిరి కుట్టన్నా," అన్నాడు. గుడ్డ చాలినంత ఉంది. కుట్టి ఇచ్చాను. తీర్పుకు రమ్మని మళ్ళీ కబురు వస్తే పోలేదు. వాళ్ళకే మొదటి బహుమానం వచ్చిందని తరవాత విన్నాను. ఆట ఎట్లా ఉందని మాత్రం ఎవరినీ అడగలేదు.

కూలీ అతను ఎమ్మిగనూరులో లేడు. ఆ ఎండాకాలం కౌతాళం వైపు కాలువ పని చేసే మనిషి ఒకడు బనీను కుట్టించుకోవడానికి వచ్చాడు. మాటల్లో ఫలానావాడు తమ గుంపులోనే మట్టి మోస్తున్నాడని తెలిసింది.

"కోలాటం ఆడతాండాడా?" అని అడిగాను.

"మాకాడ ఆడేటోళ్ళు శానామంది ఉండారు. జోడుకు రమ్మని పిలుస్తానే ఉంటారు. ఆయప్ప పోడు. నా జోడు ఎమ్మిగనూర్లో ఉండాడంటాడు."