రెండు ఫ్యాన్ల కారు

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎంత వేసేదో అసూయ అంతకు రెండింతలు వేసేది. విమానాశ్రయం మా పక్కకు కొత్తగా వచ్చింది. తొండుపల్లిలో కారు ఉన్నవాడల్లా డ్రైవరే అయ్యాడు, నేనూ అయ్యాను. నాది నాలుగు చేతులు మారిన డీజిల్ కారు. నా షడ్డకుడిదీ (అంటే తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు) అదే కంపెనీ, అదే వయసు కారు. కానీ వాడు బానెట్ కింద ఇంజన్ చల్లార్చడానికి రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టించాడు. పార్కింగులో గంటలకొద్దీ ఏసీ వేసుకుని కూర్చున్నా ఇంజన్ వేడి చూపే వాడి ముల్లు సగం దాటేది కాదు. నేనేమో ఏసీ ఆపి, డోర్లు తెరిచి, తువ్వాలుతో విసురుకుంటూ వాడి అద్దాల మీద చెమర్చిన చల్లదనాన్ని చూసి కుళ్లిపోయేవాణ్ని.

సరిగ్గా చిన్న మరదలి పెళ్లికి వారం ముందు నా కారు ఫ్యాను రెక్క విరిగింది. పెళ్లికూతురిని కందుకూరు ఫంక్షన్ హాలుకు పెద్దల్లుడి కారులోనే పంపుతానని మామ ఎప్పుడో మాటిచ్చాడు. ఇప్పుడు మెల్లగా నసిగాడు. "అల్లుడా, నీ బండి నడిమిట్ల పొగలు గక్కితే పిల్ల చెమటలతోని పీటల మీద కూసుంటదా? జర సోంచాయించు. చిన్నల్లుని కార్ల పంపుదమా?" ఆ చివరి మాటకు నాకు అన్నం సహించలేదు.

మామిడిపల్లి మిస్త్రీ నెమ్మదస్తుడు. "అన్నా, పాత తీరుదే మళ్ల ఏస్తే ఇంజన్ నెమ్మదిగ తిరిగినప్పుడు ఫ్యాను గూడ నెమ్మదే. నీకు ఒక్క కరెంటు ఫ్యాను సాలు. సుట్టూ తొడుగు పెట్టి రేడియేటర్ ఎనుక బిగిస్త" అన్నాడు. చక్కటి సలహా. కానీ వెనక బిగిస్తే ఎవరికి కనబడుతుంది? నాకు రెండు కావాలి, వాడివాటికన్నా పెద్దవి కావాలి, కారు మూతి మీది జాలీలోంచి వాడికి కనబడేలా రేడియేటర్ ముందే ఉండాలి. "ముందల పెడ్తే గాలి లోపలికి కొట్టేటట్టు వైర్లు సూసి కలపాలె" అని మిస్త్రీ గొణిగాడు. (ఆ ముక్క నా చెవికెక్కలేదు. అప్పటికే నేను షడ్డకుడి మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటున్నాను.) పాత సామాను కొట్లో రెండు రాక్షసి ఫ్యాన్లు ఏరుకొచ్చి, పెళ్లి ముందు రోజు నేనే బిగించుకున్నాను. స్టార్ట్ చేసి ఎదుట నిలబడితే గాలి మొహానికి ఈడ్చి కొట్టింది. పొంగిపోయాను. మా ఆవిడను కూడా పిలిచి నిలబెట్టాను. "ఏం గాలయ్యా!" అంది పాపం.

మర్నాడు రెండు కార్లూ పూలదండలతో మామ ఇంటి ముందు నిలబడ్డాయి. పిల్ల ఎక్కేసరికి చల్లగా ఉండాలని ఇద్దరం ఏసీలు వేశాం. అత్త వాడి కారుకు హారతి పడితే కర్పూరం మంట బుద్ధిగా జాలీ వైపు వంగింది. తర్వాత అత్త పళ్లెంతో నా కారు ముందుకొచ్చింది. నా ఫ్యాన్లు రెండూ ఎదురుగాలి ఈడ్చి కొట్టాయి. హారతి టప్పున ఆరింది, పళ్లెంలోని కుంకుమంతా లేచి మామ తెల్లచొక్కా మీద పడింది. పెళ్లి పూట హారతి ఆరితే ఇంకేమైనా ఉందా? అత్త మొహం పాలిపోయింది.

"ఏందల్లుడా, నీ కారు గిట్ల ఊదుతుందేంది?" అన్నాడు మామ.

షడ్డకుడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. వచ్చి జేబురుమాలు జాలీ ముందు పట్టాడు. అది బయటికి ఎగిరింది. ఇంజన్ ఆపించి, బానెట్ ఎత్తి, ఫ్యాన్ల వైర్లు అటుదిటు మార్చాడు. మళ్లీ స్టార్ట్ చేయిస్తే రుమాలు వెళ్లి జాలీకి అతుక్కుంది. "ఇగ వెలిగియ్యి అత్తా" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "పిల్ల అన్న కార్లనే పోవాలె మామా, పెద్దల్లుడు గదా" అని కూడా అన్నాడు. కాళ్లకు మొక్కాల్సిన మనిషి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఫ్యాన్లంటే పోటీ పడగలను గానీ ఆ మంచితనం ఏ కొట్లో దొరుకుతుంది?

కందుకూరు దాకా రోడ్డు కన్నా ముల్లునే ఎక్కువ చూశాను. అది కొంచెం లేస్తే బాగుండు, "వైర్లు మార్చింది వాడే" అనొచ్చని ఆశ. (వెనక పెళ్లికూతురు కూర్చుని ఉందన్న బుద్ధి కూడా లేదు.) అది సగం దగ్గరే కదలకుండా కూర్చుంది. "సల్లగుంది బావా" అంది మరదలు.

ఆ కారు తుక్కుకు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కారు బానెట్ ఎత్తితే ఒక నల్లమూత తప్ప ఏమీ కనబడదు, వాడిదీ అంతే. అయినా షడ్డకుడు ఇంటికొస్తే వాడు కాళ్లు కడుక్కునేలోగా నేను బయటికెళ్లి వాడి కారు జాలీలోకి ఒకసారి తొంగి చూసి వస్తాను. మొన్న అలా చూసి తిరిగేసరికి గుమ్మంలో చెంబుతో నిలబడి ఉన్నాడు. "ఒక్కటే ఉందన్నా," అన్నాడు, "పరేషాన్ గాకు."