వఫ్రా తోటలో సగ్గుబియ్యం

కువైట్‌లోని అబ్బాసియాలో మలయాళీల కూరగాయల కొట్ల ముందు ఇప్పటికీ చెక్కపెట్టెల్లో కర్రపెండలం దుంపలు పోసి అమ్ముతుంటారు. కేరళ ఎర్రమట్టి ఇంకా వదలని ఆ దుంపని, తాజాదని చూపించడానికి కొట్టువాడు పుటుక్కున విరిచినప్పుడు పచ్చిపాలకీ తడిసిన సున్నానికీ నడుమ ఉండే ఒక వాసన వస్తుంది. మేముండే హవల్లీలో అన్నీ దొరుకుతాయి, అయినా అప్పుడప్పుడూ నేను అటు వెళ్తాను. చిన్ననాటి వాసన తగిలితే చాలామందికి కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం కోపం వస్తుంది. ఆ కోపం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్నది పెద్దాపురం మెట్ట. కువైట్ రాకముందు సామర్లకోట వైపు ఒక సగ్గుబియ్యం మిల్లులో పనిచేశాడు. తొంభైల్లో మాకు ఊహ తెలిసేనాటికి ఆయన వఫ్రాలో ఉన్నాడు. వఫ్రా కువైట్‌కి దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. అక్కడ ఒక కువైటీ పెద్దమనిషి తోటలో బావులూ మోటార్లూ నీటి గొట్టాలూ చూసుకోవడం ఆయన పని. అమ్మా నేనూ తమ్ముడూ అబ్బాసియాలో రెండు గదుల ఫ్లాట్లో ఉండేవాళ్ళం. నాన్న గురువారం సాయంత్రం దుమ్ముకొట్టుకుపోయిన పికప్‌లోంచి కీరదోసకాయల పెట్టెతో దిగేవాడు. బడికి సెలవులిస్తే మేమే తోటకి వెళ్ళేవాళ్ళం.

శీతాకాలం పొద్దున్న లేచేసరికి ఖర్జూరం చెట్ల తలలు మాత్రమే మంచులో తేలుతూ కనిపించేవి. ప్లాస్టిక్ కప్పిన పందిళ్ళలోకి అడుగు పెడితే కోళ్ళ ఎరువు ఘాటూ, టమాటా ఆకు నలిపిన పచ్చివాసనా, ఊపిరాడనివ్వని ఆవిరీ అన్నీ కలిసి ఒక్కసారిగా మొహానికి కొట్టేవి. నాలుగు వానలు పడిన ఏడాదైతే ఫిబ్రవరికల్లా కంచె బయట ఎడారంతా చిన్న చిన్న పసుపుపూలు పరుచుకునేవి. గేటు దగ్గరి సిద్ర చెట్టు కింద రాలిన పళ్ళు అచ్చం మన రేగుపళ్ళే. వాటిని జేబుల్లో కుక్కుకుని, గింజలు ఎవరు దూరంగా ఉమ్ముతారో పందెం వేసుకునేవాళ్ళం. కీరా తీగల వరసల మధ్య దాగుడుమూతలు ఆడుతుంటే బంగ్లాదేశీ కూలీలు నన్ను పట్టివ్వకుండా తమ్ముడికి అబద్ధాలు చెప్పేవారు. వేసవిలో తడిపిన అట్టల గోడలోంచి పెద్ద ఫ్యాన్లు గాలి లాగుతుంటే ఆ గోడకి వీపు ఆనించి నిలబడటమే మాకు ఆట.

నాన్న ప్రతి పొద్దునా బావినీళ్ళు దోసిట్లో పట్టి, నాలుక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. "ఇంకాత్త ఎక్కింది ఉప్పు" అనేవాడు, ఇంట్లో జ్వరం వచ్చిన మనిషి సంగతి చెప్పినట్టు. ఆ తోటలో మట్టి లారీల్లో రావాలి, నీళ్ళు పాతాళంలోంచి రావాలి, చల్లదనం కరెంటులోంచి రావాలి. ఎడారివాళ్ళు ఎడారిలో పంట పండించుకోవాలనుకోవడాన్ని నేను తప్పుపట్టను, మెచ్చుకుంటాను కూడా. కానీ పండించే చేతులు ఎక్కడివి? గోదావరి గట్టువీ, పద్మా నది ఒడ్డువీ, నైలు లంకలవీ. నీళ్ళూ నేలా ఉన్నచోట బతుకు లేక, రెండూ లేనిచోట కాయ కాయించడానికి వచ్చిన మనుషులు. ఇది ఎవరి తలరాతా కాదు. ఎవరెవరో చేసిన, చెయ్యకుండా వదిలేసిన పనుల ఫలితం.

ఆ చేతుల్లో ఒక జత కోజోవి. అతనిది పశ్చిమాఫ్రికా తీరంలోని ఘనా దేశం. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారట. కోజో అంటే సోమవారం పుట్టినవాడు. అది తెలిసిన రోజే నాన్న అతన్ని సోమయ్యని చేసేశాడు. మాకు సోమయ్య బాబాయ్. అతను ఊరికే కూర్చోలేడు. ఖాళీ నూనె డబ్బా కనబడితే అందులో మట్టి నింపి మిరపో బెండో పాతేవాడు, కూలీల గది ముందు ఆ డబ్బాలు మెట్లమెట్లుగా పేర్చి ఉండేవి. సాయంత్రం మోటార్లు ఆపాక సిద్ర చెట్టు కింద కూర్చుని, మాకు ఇంగ్లీషులోనూ నాన్నకి అరబ్బీ హిందీ కలిపిన భాషలోనూ తన జిల్లా సంగతులు చెప్పేవాడు. సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్లు, వాటి వెనక ఉప్పుటేరు, అది దాటితే ఎర్రనేల, ఏడాదికి రెండుసార్లు వానలు. కంచెకి పాతిన కర్ర చిగురిస్తే దాన్ని చెట్టుగా వదిలెయ్యాలో కంచెగా ఉంచాలో తేలక అన్నదమ్ములు తగాదా పడతారని చెప్పి తనే నవ్వేవాడు. నూనెతాడి, అరటి, అనాస, అన్నిటికంటే ఎక్కువగా కర్రపెండలం. అయినా వానల్లో లారీ దిగబడితే రోడ్డు పక్కనే టమాటా కుళ్ళిపోతుందనీ, ఆ ఊళ్ళోవాళ్ళే పరాయిదేశపు డబ్బాల్లో వచ్చిన టమాటా గుజ్జు కొనుక్కుని కూర వండుకుంటారనీ చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

"మరి అంత దుంప ఏం చేత్తారయ్యా సోమయ్యా?" అని నాన్న అడిగాడు.

తురిమి, పులియబెట్టి, వేయించి రవ్వలా చేసుకుంటామన్నాడు. మిగిలింది భూమిలోనే ఉంచేస్తాం, తవ్వితే రెండు రోజుల్లో నల్లబడిపోతుందన్నాడు.

"సగ్గుబియ్యం తియ్యరా?"

అతనికి ఆ మాటే తెలియదు. నాన్న నావైపు తిరిగి, "అమ్మడూ, మీ అమ్మనడిగి పల్చటి పాత చీరొకటి అట్టుకురా ఈసారి" అన్నాడు.

ఆ డిసెంబరు సెలవుల్లో వఫ్రాలో, మోటారు షెడ్డులో, సగ్గుబియ్యం చేశాం. నాన్న అబ్బాసియానుంచి ఒక బస్తా దుంప తెచ్చాడు. నేనూ తమ్ముడూ తోలు తీశాం. సోమయ్య బాబాయ్ మేకుతో చిల్లులు పొడిచిన రేకు మీద దాన్ని తురిమాడు. ఆ తురుముని తాగేనీళ్ళతో పిసికి, అమ్మ చీరలో వడకట్టి, తెల్లటి పాలని టబ్బులో వదిలేస్తే, మర్నాటికి పైన నీళ్ళు తేరి అడుగున సుద్దలా గట్టి పిండి నిలిచింది. ఆ పిండిని చిదిపి, మిగిలిన చీర ముక్కని ఉయ్యాలలా కట్టి అందులో పోసి, నాన్న ఒక కొసా బాబాయ్ ఒక కొసా పట్టుకుని ఊపుతుంటే పొడి కాస్తా చిన్న చిన్న పూసలుగా చుట్టుకుంది. ఇనప పెనం మీద కాస్త కొబ్బరినూనె రాసి వేయించి, దుప్పటి మీద ఎండలో పోశాం. మా ఊళ్ళో అది ఎండటానికి మబ్బుల దయ కావాలి. ఇక్కడి పొడిగాలికి సాయంత్రానికే గలగలలాడింది. పూసలు ఒక సైజులో లేవు, కొన్నిట్లో వఫ్రా ఇసుక కూడా ఉంది. సోమయ్య బాబాయ్ ఒక గుప్పెడు తీసుకుని చాలాసేపు అటూ ఇటూ దొర్లించి చూశాడు. "ఇది చెడిపోదా?" అన్నాడు. "ఏడాదైనా ఏం కాదు" అన్నాడు నాన్న.

వాళ్ళిద్దరి ఆలోచన అక్కడ మొదలైంది. బాబాయ్ వాళ్ళ మేనమామ కుటుంబానికి పెద్ద. కుటుంబపు నేలలో ఇతని వంతు బీడుగా పడి ఉంది. వచ్చే వానలకి దాన్ని దున్ని పంట పెడితే ఇతనిది, లేకపోతే రబ్బరు తోట వేసేవాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తానని ఆయన కబురు పంపాడు. దుంప, నేల బాబాయ్‌వి. చిన్న మిల్లు పెట్టే పనితనం నాన్నది. వానలు మార్చి చివర మొదలవుతాయి. అంతకుముందే ఇద్దరూ వెళ్ళాలి. ఇదంతా నాన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం, బాబాయ్‌ని మా ఫ్లాట్‌కి తీసుకొచ్చి, అమ్మకీ పెద్ద మావయ్యకీ చెప్పాడు. పెద్ద మావయ్య అంటే అమ్మ పెద్దన్నయ్య. పక్క బిల్డింగులోనే ఉండేవాడు, మా ఇంట్లో ఏది జరగాలన్నా ఆయన నోటిమీదుగా జరిగేది. అమ్మ ఆ సగ్గుబియ్యంతోనే పాయసం చేసింది. యాలకులూ జీడిపప్పూ నేతిలో వేగిన వాసన మెట్లదాకా వచ్చింది. మా అందరికీ స్టీలు గిన్నెల్లో పోసి, బాబాయ్‌కి మాత్రం పారేసే థర్మోకోల్ కప్పులో ఇచ్చింది. అతను అదేమీ పట్టించుకోకుండా రెండుసార్లు అడిగి పోయించుకుని, "ఇది మా దుంపేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

అతను కిందికి దిగాక మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"బావా, నీకేమైనా మతి పోయిందా? ఆళ్ళే ఇక్కడికొచ్చి బతుకుతుంటే మనవెళ్ళి ఆళ్ళ దేశంలో బతకడవేంటి? ఊళ్ళో తెలిత్తే నవ్వుతారు."

"నేలుందండి బావగారూ. వానుంది" అన్నాడు నాన్న.

"ఉంటే? పోనీ, జాతకం సూపిత్తాను. పంతులుగారు ఏవంటే అదే."

పంతులుగారు అంటే కడపవైపునుంచి వచ్చి ఒక ఆఫీసులో టీ పెట్టే ఉద్యోగం చేస్తూ, శుక్రవారాలు తన గదిలో జాతకాలు చూసే ఆయన. మా నాన్నకి ఏలినాటి శని నడుస్తోందనీ, అది వదిలేదాకా కొత్త పనీ కొత్త నేలా కూడదనీ, సముద్రం దాటకూడదనీ చెప్పాడు. అక్కడున్న ఒక్కరికీ నవ్వు రాలేదు. చెప్పినవాడూ విన్నవాళ్ళూ అందరూ సముద్రం దాటి వచ్చి ఆ గదిలో కూర్చున్నవాళ్ళే. మా నాన్న ఎర్రటి ఎండలో ఉప్పునీళ్ళ బావిలోకి దిగడానికి శనికి అభ్యంతరం లేదు. పచ్చటి నేల మీద కాలు పెట్టడానికే వచ్చింది. తర్వాత అక్కడెవరో నాన్నకి తాయెత్తు కూడా కట్టారు.

నాన్న వెళ్ళి తీరాలని నేను ఇప్పుడూ అనను. అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. మిల్లుకి కరెంటు వస్తుందా? రోడ్డు ఎన్ని నెలలు నడుస్తుంది? సరుకు ఎవరు కొంటారు? పరాయివాడికి ఆ నేల మీద ఏం హక్కు? మా చదువులేం కావాలి? వీటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు దొరక్క ఆగిపోయినా నేను తల వంచుకుని ఒప్పుకునేదాన్ని. ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు. ఒక పక్క ఒంటిరంగు మీద ఏవగింపు, ఇంకో పక్క గ్రహాల మీద భయం. ఆ రెండిటికీ మధ్య ఒక జిల్లా నేలంతా విచారణ లేకుండానే కొట్టుడుపోయింది. ఏవగింపుని పైకి చెప్పుకోవడం సిగ్గనిపించినప్పుడల్లా మనవాళ్ళకి శని ఎంత పనికొస్తాడో నేను ఆ చలికాలంలో నేర్చుకున్నాను.

నాన్న "రేపు చెప్తాను", "వారం ఆగు" అంటూ జనవరి గడిపాడు. ఫిబ్రవరి చివర బాబాయ్ తన కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి, తను వదిలితే తప్ప మనిషిని కదలనివ్వని యజమాని దగ్గర, లెక్క తేల్చుకుని టికెట్టు కొన్నాడు. ఎయిర్‌పోర్టుకి పికప్‌లో తీసుకెళ్తుంటే నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. నాన్న తన అరబ్బీ హిందీ కలగలుపులో శని సంగతి చెప్పడానికి తంటాలు పడ్డాడు. ఇప్పుడు మనాయీ, వెళ్ళకూడదు, ఆయన వదిలాక వస్తాను, మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు, అని. బాబాయ్ నావైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని, ఇంగ్లీషులో అడిగాడు:

"ఈ శని ఎవరు? మీ నాన్న కఫీలా?"

నాకు నవ్వొచ్చింది. నాన్న మొహం చూశాక ఆగిపోయింది.

వానలు మొదలయ్యాక బాబాయ్ ఒకసారి తోట పక్క బకాలాకి, అంటే చిల్లరకొట్టుకి, ఫోన్ చేశాడు. ఒంటరిగా ఒక మూల దున్నాడట. మిగతాదంతా మేనమామ రబ్బరువాళ్ళకి ఇచ్చేశాడట. రబ్బరు చెట్టు చాలా ఏళ్ళు కదలదు. ఆ తరవాత నంబర్లు మారాయి. ఇక్కడ ఒకదాని తరవాత ఒకటి బావుల్లో ఉప్పు పెరిగింది. పందిళ్ళు తగ్గాయి. చివరికి యజమానికి కీరదోస కంటే సెలవురోజు అద్దెలే లాభమని తోచింది. ఒకరోజు ఆయన నాన్న భుజం తట్టి, మర్యాదగానే, ఖలాస్ అన్నాడు. నాన్న ఊరు వెళ్ళిపోయాడు. అప్పటికి సామర్లకోట మిల్లులో ఆయన పని తెలిసినవాళ్ళెవరూ లేరు.

నేను పెరిగి, చదువుకుని, ఉద్యోగానికి మళ్ళీ ఇక్కడికే వచ్చాను. మొన్న చలికాలంలో నాన్నని విజిట్ వీసా మీద పిలిపించాను. మా తెలుగువాళ్ళ పిక్నిక్‌కి ఎవరో అద్దెకి తీసుకున్న చోటు చూస్తే అదే తోట. మోటారు షెడ్డు ఉన్నచోట నీలంరంగు ఈతకొలను. టమాటా పందిళ్ళు ఉన్నచోట ప్లాస్టిక్ గడ్డి పరిచారు. గాలికి అడ్డంగా ఉండే చెట్ల వరసలు లేవు, బంగ్లాదేశీల గదులు లేవు, కోళ్ళ ఎరువు వాసన లేదు. మైకులో అంత్యాక్షరి నడుస్తోంది. ఇక్కడ పంట పండేదని మా చెల్లెలి వరసయ్యే పిల్లకి చెప్తే, "ఇసుకలోనా అక్కా, ఊరుకో" అంది. నాన్న భోజనానికి రాకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, కొలను చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. మోకాళ్ళు నొప్పి, మధ్యలో రెండుసార్లు ఆగాడు.

తిరిగి వస్తుంటే, కారులోంచి మంగఫ్ ఊరి దీపాలు కనిపించేవేళకి నాన్న తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడాడు.

"మొన్న ఊళ్ళో జాతకం సూపించానే అమ్మడూ. శని ఎప్పుడో వదిలేసిందంట. గురుబలం కూడా బాగుందంట నాకు. ఇప్పుడెల్లొచ్చంట."

"ఎక్కడికి నాన్నా?" అన్నాను.

ఆయన కిటికీ అద్దం కొంచెం దించి, బయటికి చూస్తూ కూర్చున్నాడు.