నర్సమ్మ రాతకు తగిన డైరీ

ఊళ్ళో సగం షాపుల బోర్డులు ఆయన రాసినవే కాబట్టి అందరూ ఆయన్ని బోర్డుల మేస్త్రి అంటారు. ముప్ఫై ఏళ్ళుగా నిచ్చెన మీద నిలబడి అక్షరాలు దిద్దిన, చెయ్యి తిరిగిన మనిషి. ఎక్కడైనా వంకర అక్షరం కనబడితే ఆ రోజు ఆయనకు ముద్ద దిగదు. అలాంటి మనిషికి దొరికిన భార్య రాత చూస్తే, కోళ్ళు కెలికిన పెరడు కూడా కాస్త నయమనిపిస్తుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ రాత పుణ్యమా అనే ఆ పెళ్ళి జరిగింది.

కుర్రతనంలో మేస్త్రి ఓసారి నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సమ్మ, ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలన్నీ ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆసుపత్రి మందుల షాపాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చేతులెత్తేసి, నర్సమ్మనే పిలిచాడు. మేస్త్రి మాత్రం తడుముకోకుండా చదివేశాడు: "రోజుకు రెండు మాత్రలు. కాలు కదపకూడదు. నెల దాకా నిచ్చెన ఎక్కకూడదు." నర్సమ్మ నోరు వెళ్ళబెట్టింది. తన రాత తనకే రెండో రోజుకు అర్థం కాదు మరి. మిగతా కథ ఇరువైపుల పెద్దలు నడిపించారు.

పెళ్ళయ్యాక నర్సమ్మ ఇంటింటికీ వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసే డ్యూటీలోకి మారింది. ఎవరికి ఎన్నింటికి సూది, ఎవరి కట్టు ఏ రోజు మార్చాలి, అన్నీ ఎడమ చేతి మీద బాల్ పెన్నుతో రాసుకునేది. పుస్తకాలు కొనిస్తే ఏదో ఒక ఇంట్లో మరిచిపోయి వచ్చేది. చెయ్యి అయితే ఎక్కడా మరిచిపోలేం కదా అనేది. సాయంత్రం ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, మోచేతి దాకా నిండిన ఆ చేతిని మొగుడి ముందు చాపేది. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో ముక్కా పైకి చదువుతూ నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే వాళ్ళ సాయంత్రం. వాళ్ళమ్మాయి కాలేజీ నుంచి వచ్చి "మొదలైందా పారాయణం?" అని నవ్వేది.

ఆ ఇళ్ళంటే నర్సమ్మకు ప్రాణం. కానీ నర్సు అన్నాక ప్రతి ఇంట్లోనూ సబ్బుతో చేతులు కడగాలి. ఓసారి ఆ సబ్బు నురగలో ఒక పేరు కొట్టుకుపోయింది. కాలి పుండున్న ఒక ముసలాయన కట్టు రెండు రోజులు మారలేదు. సంగతి తెలిసి సూపరింటెండెంట్ పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇళ్ళ డ్యూటీ తీసేసి ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చోబెడతానంది. ఆ సాయంత్రం నర్సమ్మ చెయ్యి చాపలేదు. ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. అది చూసి మేస్త్రి తెరిచిన నోటుబుక్కు మూసేశాడు.

"డిజిటల్ డైరీ కొనివ్వు నాన్నా" అంది కూతురు. "జేబులో పట్టేస్తుంది. టైముకి గంట కొట్టి మరీ గుర్తు చేస్తుంది. అమ్మ కోటుకు గొలుసుతో కట్టేద్దాం, ఇక ఎక్కడ మరిచిపోతుందో చూద్దాం."

పెళ్ళిరోజు ఇంకా పది రోజులుంది. మర్నాడే మేస్త్రి రంగు మరకల చొక్కాతోనే ఎలక్ట్రానిక్ షాపుకు వెళ్ళాడు. కౌంటర్లో ఉన్నావిడ మూడు రకాలు తెచ్చి పెట్టింది. మొదటిదానికి మీటలు ఆవగింజలంత ఉన్నాయి. చేతికి తొడుగు వేసుకున్న నర్సు వాటిని నొక్కితే ఒకేసారి నాలుగు పడతాయని పక్కన పెట్టాడు. మిగతా రెంటికీ మీటల్లేవు. అద్దం మీద సన్నటి పుల్లతో రాస్తే, ఆ రాతను అచ్చు అక్షరాల్లోకి మార్చి చూపిస్తాయి. రెండోదాని అక్షరాలు ఎంత ముద్దొచ్చాయంటే, మేస్త్రి కాసేపు వచ్చిన పనే మరిచిపోయాడు. తర్వాత తేరుకుని, పుల్ల తీసుకుని, అచ్చం తన భార్య రాసినట్టే బరికాడు. ఆ విద్య లోకంలో ఆయనొక్కడికే వచ్చు. యంత్రం కాసేపు ఆలోచించి, తలాతోకా లేని మాటలు చూపించింది.

షాపావిడ జాలిపడింది. "మీకు రాయడం అంతగా అలవాటు లేనట్టుంది. పర్లేదు సార్, నెమ్మదిగా రాయండి."

మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏమన్నారూ? బయట మీ షాపు బోర్డు రాసింది నేనేనమ్మా!"

ఆవిడ బోర్డు వంకా, ఈ గీతల వంకా చూసి నవ్వాపుకుంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

మూడోది బూడిద రంగులో, ఇటుకలా ఉంది. దాని అక్షరాలు ఎలుక కొరికినట్టున్నాయి. వాటిని చూసి మేస్త్రి ముఖం చిట్లించాడు. కానీ అది నర్సమ్మ రాతలో పది మాటలకు ఆరు సరిగ్గా చదివింది! "వాడేకొద్దీ ఓనరు రాత దీనికి అలవాటైపోతుంది సార్. వారం పది రోజులు రాస్తే చాలు" అంది షాపావిడ. జీవితమంతా అందమైన అక్షరం కోసం పాకులాడిన మనిషి, ఆ ఎలుక కొరికిన అక్షరాలను సంతోషంగా సంచీలో వేసుకుని బయటపడ్డాడు.

ఇక తొమ్మిది రోజులు షెడ్డులో, సగం రాసిన బేకరీ బోర్డు వెనక దాక్కుని యంత్రానికి అక్షరాభ్యాసం. నర్సమ్మలా రాస్తాడు, తప్పు చదివితే దిద్దుతాడు, మళ్ళీ రాస్తాడు. ఏం రాయాలో తోచకపోతే, ఇన్నేళ్ళలో ఆ చేతి మీద చదివినవన్నీ గుర్తు తెచ్చుకుని రాసేవాడు. చివరికి ఆ రాత ఆయన చేతికి ఎంత అలవాటైపోయిందంటే, బేకరీ బోర్డు మీద "తాజా" అని ఠీవిగా మొదలైన మాట పక్కన "రొట్టెలు" కోడి కెలికినట్టు పడింది. బేకరీ ఆయన వచ్చి లబోదిబోమన్నాడు.

పెళ్ళిరోజు పొద్దున్నే మేస్త్రి డైరీ డబ్బా భార్య చేతికిచ్చాడు. నర్సమ్మ ముఖం వెలిగిపోయింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, నాలుక కొస పంటి కింద పెట్టుకుని, మొగుడి పరువు నిలబెట్టాలని ఒక్కో అక్షరాన్నీ గుండ్రంగా, బడిపిల్లలా దిద్దింది. యంత్రం అర్థంపర్థం లేని మాటలు చూపించింది. ఇంకా పొందిగ్గా రాసింది. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది.

"నా రాతే అంతండీ" అంది కళ్ళనీళ్ళతో. "దీన్ని తిరిగిచ్చేయండి. నేను ఆఫీసులోనే కూర్చుంటాలెండి."

మేస్త్రికి క్షణంలో విషయం బోధపడి, నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో పిచ్చిదానా! బాగా రాయకే! ఎప్పట్లా కెలుకు!"

"ఇన్నేళ్ళూ బాగా రాయమని నా ప్రాణం తీశారు కదండీ!"

"తప్పయిపోయిందే తల్లీ! కెలుకు!"

ఆవిడ ఉక్రోషంగా నాలుగు గీతలు బరికింది. అద్దం మీద తప్పు లేకుండా వచ్చింది: "కాలి పుండు తాతగారు, పది గంటలకు, కట్టు మార్చాలి." నర్సమ్మ తెల్లబోయింది. "దీనికి నా రాత ఎలా తెలుసు?"

కూతురు డైరీ లాక్కుని, లోపల దాచిన పేజీల్లో మొట్టమొదటిది తెరిచి తల్లికి చూపించింది. ఎలుక కొరికిన అక్షరాల్లో ఇలా ఉంది: "రోజుకు రెండు మాత్రలు. కాలు కదపకూడదు. నెల దాకా నిచ్చెన ఎక్కకూడదు." నర్సమ్మ అది రెండుసార్లు చదువుకుంది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా చాలాసేపు కూర్చుంది. అంతకు మించిన సంతోషం మేస్త్రి ఎరగడు.

నెల తిరిగేసరికి సూపరింటెండెంట్ పిలిచి, ఒక్క ఇల్లూ తప్పలేదు, డ్యూటీ నీదేనని చెప్పింది. మేస్త్రి పొంగిపోయాడు. కాకపోతే ఆ నెలంతా సాయంత్రాలు ఏమీ తోచక, నోటుబుక్కు తిరగేస్తూ కూర్చునేవాడు.

ఆ సాయంత్రం నర్సమ్మ వచ్చి, కుర్చీలో కూలబడి, పాత అలవాటుగా ఎడమ చెయ్యి చాపింది. చెయ్యంతా ఖాళీ. మణికట్టు దగ్గర మాత్రం రెండు వరసల గీతలున్నాయి.

కూతురు తొంగి చూసింది. "ఏం రాసిందో నాకొక్క ముక్క అర్థం కాలేదు. చదువు నాన్నా!"

మేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని, గొంతు సవరించుకుని చదివాడు: "రోజూ సాయంత్రం చెయ్యి పట్టుకోవాలి. ఒక్క పూట కూడా మానకూడదు."